కారుకి ఏ ఎయిర్ ఇన్‌టేక్ పెట్టాలి? డబ్బులు కట్టే ముందు ఫోన్‌తో ఈ టెస్ట్ చేయండి

ఈ ఎపిసోడ్ ఒక వాట్సాప్ మెసేజ్ వల్ల చేస్తున్నాను. కాకినాడ నుంచి మా పిన్ని కొడుకు పంపాడు. వాడికి ఈమధ్యే ఉద్యోగం వచ్చింది. ఒక సెకండ్ హ్యాండ్ హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు, 1.2 లీటర్ పెట్రోల్. మెసేజ్ ఏంటంటే: "అన్నయ్యా, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ కిట్ 22 వేలకి వస్తోంది. పది హార్స్‌పవర్ పెరుగుతుందంట. అడ్వాన్స్ ఇచ్చేయనా?"

వెంటనే ఫోన్ చేసి "ఒరేయ్, రెండు రోజులు ఆగు" అన్నాను. ఎందుకంటే అదే పని ఐదేళ్ళ క్రితం నేను చేశాను. అది కూడా నాన్న కారుకి. ఏం జరిగిందో మధ్యలో చెప్తాను. ముందు అసలు ఇన్‌టేక్ అంటే ఏంటో చూద్దాం, తర్వాత మార్కెట్లో ఉన్న రకాలు, ఆ తర్వాత మీ కారుకి అసలు అవసరమా కాదా అని మీ ఫోన్‌తో మీరే తెలుసుకునే టెస్ట్.

ఇంజిన్ ఎంత గాలి పీలుస్తుంది?

ఇంజిన్ అంటే ఒక గాలి పంపు. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లు తిరిగితే ఒకసారి తన సైజు అంత గాలి పీలుస్తుంది. 1.2 లీటర్ ఇంజిన్ 6000 ఆర్‌పీఎం మీద ఉందనుకోండి. నిమిషానికి 3000 సార్లు, ఒక్కోసారి 1.2 లీటర్లు. లెక్క ప్రకారం 3600 లీటర్లు. సిలిండర్లు ప్రతిసారీ పూర్తిగా నిండవు కాబట్టి సుమారు 3000 అనుకుందాం. అంటే మన డాబా మీద ఉండే వెయ్యి లీటర్ల వాటర్ ట్యాంకులు మూడు. ఒక్క నిమిషంలో అంత గాలి ఆ చిన్న ఫిల్టర్ లోంచి వెళ్తోంది.

ఒక గ్రాము పెట్రోల్ సరిగ్గా కాలాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. గాలి ఎక్కువ వెళ్తే పెట్రోల్ ఎక్కువ వేయొచ్చు, పవర్ ఎక్కువ వస్తుంది. ఇక్కడ మనకి కావాల్సింది లీటర్లు కాదు, గ్రాములు. ఇది గుర్తుపెట్టుకోండి, మొత్తం కథ దీని మీదే నడుస్తుంది. గ్రాములు పెరగాలంటే రెండే దారులు. ఒకటి, దారిలో ఉన్న అడ్డు తగ్గించాలి. రెండు, చల్లటి గాలి ఇవ్వాలి. చల్లటి గాలి చిక్కగా ఉంటుంది, అదే లీటరులో ఎక్కువ గ్రాములు పడతాయి.

ఇప్పుడు బోనెట్ ఎత్తి కంపెనీ ఫిట్టింగ్ చూడండి. నల్ల ప్లాస్టిక్ డబ్బా, లోపల పేపర్ ఫిల్టర్. ఆ డబ్బా నుంచి ఒక మూతి ముందుకి వెళ్తుంది. చాలా కార్లలో ఆ మూతి గ్రిల్ వెనకాలో, రేడియేటర్ పైనో ఉంటుంది. అంటే అది ఇంజిన్ దగ్గరి వేడి గాలి కాదు, బయటి గాలి తీసుకుంటోంది. అంటే మీ కారులో ఇప్పటికే ఒక కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ ఉంది. ఈ మాట షాపులో ఎవరూ చెప్పరు.

ఆ పైపు పక్కన ఖాళీ డబ్బాల్లాంటివి కూడా కనిపిస్తాయి. వాటిని రెజొనేటర్లు అంటారు. గాలి పీల్చే శబ్దాన్ని అణచడానికి పెడతారు. ఇవి తీసేస్తే శబ్దం బయటికి వస్తుంది. ఇన్‌టేక్ మార్చిన వాళ్ళలో చాలామంది "పికప్ పెరిగింది" అనేది ఈ శబ్దం విని.

నాలుగు రకాలు

మొదటిది, డ్రాప్ ఇన్ ఫిల్టర్. కంపెనీ డబ్బా అలాగే ఉంటుంది. పేపర్ ఫిల్టర్ తీసి అదే సైజులో కాటన్ ఫిల్టర్ పెడతారు, కడిగి మళ్ళీ వాడుకోవచ్చు. పదే పది నిమిషాల పని. పవర్ తేడా చాలా తక్కువ, చాలాసార్లు సీట్లో కూర్చుంటే తెలియదు. కానీ రిస్క్ కూడా తక్కువ.

రెండోది, షార్ట్ ర్యామ్ ఇన్‌టేక్. డబ్బా మొత్తం పీకేసి, పొట్టి పైపు, దాని చివర కోన్ ఫిల్టర్. చూడటానికి బాగుంటుంది, సౌండ్ అదిరిపోతుంది. కానీ ఫిల్టర్ ఎక్కడుంది? ఇంజిన్ పక్కనే, బోనెట్ కింద. అక్కడ గాలి వేడి.

ఎంత నష్టమో లెక్కేద్దాం. బయట 35 డిగ్రీలు, బోనెట్ కింద ట్రాఫిక్‌లో 60 డిగ్రీలు అనుకోండి. గాలి చిక్కదనం లెక్కకి 273 కలపాలి. 308 ని 333 తో భాగిస్తే 0.925. అంటే గాలి ఏడున్నర శాతం పలచబడింది. 80 హార్స్‌పవర్ ఇంజిన్‌లో అది సుమారు ఆరు హార్స్‌పవర్. ఇంజిన్ లోపలికి వెళ్ళేసరికి గాలి ఎలాగూ కొంత వేడెక్కుతుంది కాబట్టి నిజంగా అంత పోదు, కానీ దిశ మాత్రం అదే. పైగా వేడి గాలికి ఇంజిన్ నాక్ అయ్యే అవకాశం ఎక్కువ. అప్పుడు ఈసీయూ ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరుపుతుంది, అక్కడ ఇంకొంచెం పవర్ పోతుంది. హైవే మీద గాలి ఆడుతుంది కాబట్టి తేడా తగ్గుతుంది. కానీ మన డ్రైవింగ్‌లో హైవే ఎంత, సిగ్నల్ ఎంత? మీరే చెప్పండి.

మూడోది, కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్. పొడవాటి పైపు కిందికి దిగి, ఫిల్టర్ బంపర్ లోపలో, చక్రం ముందున్న ఖాళీలోనో కూర్చుంటుంది. అక్కడ గాలి చల్లగా ఉంటుంది, ఫిజిక్స్ ప్రకారం ఇది కరెక్ట్. సమస్య ఒక్కటే. అక్కడ గాలితో పాటు నీళ్ళు కూడా ఉంటాయి.

నాలుగోది, క్లోజ్డ్ బాక్స్ ఇన్‌టేక్. కోన్ ఫిల్టరే కానీ చుట్టూ మూసిన డబ్బా, దానికి గ్రిల్ నుంచి గాలి వచ్చే డక్ట్. పెద్ద ఫిల్టర్, చల్లటి గాలి, నీళ్ళకి దూరం. ఇంజినీరింగ్ పరంగా ఇదే బెస్ట్. కానీ ఖరీదెక్కువ, అన్ని మోడల్స్‌కీ దొరకదు.

మధ్యలో ఒక అపోహ కూడా తీసేద్దాం. "ర్యామ్ ఎయిర్, స్పీడ్‌కి గాలి తోసుకుంటూ లోపలికి వచ్చేస్తుంది" అంటారు. గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలి ఇచ్చే ప్రెషర్ సుమారు 0.45 కిలోపాస్కల్. మన చుట్టూ ఉన్న గాలి ప్రెషర్ సుమారు 100 కిలోపాస్కల్. అంటే అర శాతం కూడా లేదు. రేస్ బైకులు 300 దాటుతాయి కాబట్టి వాటికి పనికొస్తుంది. మనకి కాదు.

నాన్న కారు కథ

ఇప్పుడు నా కథ. హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నాన్న తన కారు నాకిచ్చి పంపారు. ఎనిమిదేళ్ళు గీత పడకుండా చూసుకున్న కారు. నేను రెండో నెల జీతంతో కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ వేయించాను. ఫిల్టర్ ఫాగ్ ల్యాంప్ వెనకాల, రోడ్డు నుంచి మోకాలి ఎత్తు కూడా లేదు. నాన్నకి చెప్పలేదు.

జూలైలో ఒక రాత్రి ఆఫీస్ నుంచి వస్తున్నాను. గంట నుంచి కుండపోత వాన. ఒక అండర్‌పాస్‌లో నీళ్ళు నిలిచాయి. ముందు ఆటో వెళ్ళింది, నా ముందున్న కారు కూడా వెళ్ళింది. నేనూ వెళ్ళాను. మధ్యలో "టక్" అని ఒక శబ్దం, ఇంజిన్ ఆగిపోయింది. అప్పుడు నేను చేసిన రెండో తప్పు, మళ్ళీ కీ తిప్పాను. ఒకసారి కాదు, మూడుసార్లు.

ఏం జరిగిందో ఇప్పుడు లెక్కతో చెప్తాను. గాలిని నొక్కితే నలుగుతుంది, నీళ్ళని నొక్కితే నలగవు. 1.2 లీటర్ నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో సిలిండర్ 300 సీసీ. కంప్రెషన్ రేషియో 11 అనుకుంటే, పిస్టన్ పైకి వచ్చినప్పుడు మిగిలే ఖాళీ 30 సీసీ. అంటే ఒక సిలిండర్‌లోకి 30 మిల్లీలీటర్ల కంటే ఎక్కువ నీళ్ళు పోతే పిస్టన్ పైకి రాలేదు. రెండు టేబుల్ స్పూన్లు! పక్క సిలిండర్లు తోస్తుంటాయి కాబట్టి మధ్యలో ఉన్న కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. దీన్నే హైడ్రోలాక్ అంటారు.

మెకానిక్ ఇంజిన్ దింపి చూపించాడు, ఒక రాడ్ వంగింది, సిలిండర్ గోడ మీద గీత పడింది. బిల్లు 84 వేలు, అప్పటి నా జీతం మూడు నెలలది. ఇన్సూరెన్స్ రాలేదు. మామూలు కాంప్రహెన్సివ్ పాలసీలో నీళ్ళు వెళ్ళి ఇంజిన్ పోతే సాధారణంగా కవర్ కాదు, ఇంజిన్ ప్రొటెక్షన్ అని విడిగా యాడ్ ఆన్ తీసుకోవాలి. నా దగ్గర అది లేదు.

నాన్నకి ఫోన్‌లో చెప్పడానికి రెండు రోజులు పట్టింది. ఆయన తిట్టలేదు. "కంపెనీ వాళ్ళు ముక్కు పైన పెట్టారు, నువ్వు తీసుకెళ్ళి కాళ్ళ దగ్గర పెట్టావు కదరా" అన్నారు. అంతే. ఆ తర్వాత ఆయన ఆ కారు నడపడం నేను మళ్ళీ చూడలేదు, ఊరికి తీసుకెళ్ళినా తాళాలు నాకే ఇచ్చేస్తారు.

అక్టోబర్ 2020 లో హైదరాబాద్, సెప్టెంబర్ 2024 లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడ ఎలా ఉన్నాయో మీరందరూ చూశారు. మన ఊళ్ళలో బంపర్‌లో ఫిల్టర్ పెట్టడం అంటే ఆ రోజు కోసం ఎదురుచూడటమే. ఇన్‌టేక్ మార్చినా మార్చకపోయినా ఒకటి గుర్తుంచుకోండి: నీళ్ళలో ఇంజిన్ ఆగితే మళ్ళీ స్టార్ట్ చేయొద్దు. తోసుకుంటూ బయటికి తీయండి, టోయింగ్‌కి ఫోన్ చేయండి. స్పార్క్ ప్లగ్‌లు తీసి నీళ్ళు బయటికి పోయాకే ఇంజిన్ తిప్పాలి.

ఫోన్‌తో టెస్ట్

సాఫ్ట్‌వేర్‌లో మాకు మొదట్లోనే నేర్పే పాఠం ఒకటుంది. యాప్ స్లోగా ఉంటే కోడ్ మార్చే ముందు, ఎక్కడ స్లో అవుతోందో కొలవమంటారు. కారుకి కూడా అంతే. కోడ్ విషయంలో రోజూ చేసే పని, కారు విషయంలో నేను చేయలేదు.

2013 తర్వాత వచ్చిన కార్లలో స్టీరింగ్ కింద ఓబీడీ పోర్ట్ ఉంటుంది. దానికి ఒక బ్లూటూత్ డాంగిల్ పెట్టండి. వెయ్యి రూపాయల లోపే దొరుకుతుంది, ఫోన్‌లో యాప్‌తో కనెక్ట్ అవుతుంది. చాలా చిన్న పెట్రోల్ కార్లలో మ్యాప్ సెన్సర్ ఉంటుంది, అంటే ఇన్‌టేక్ మ్యానిఫోల్డ్‌లో గాలి ప్రెషర్ కొలిచేది. టర్బో లేని కారుకి ఈ టెస్ట్ బాగా పనిచేస్తుంది.

ముందు ఇంజిన్ స్టార్ట్ చేయకుండా ఇగ్నిషన్ మాత్రం ఆన్ చేయండి. అప్పుడు కనిపించే మ్యాప్ నంబర్ బయటి గాలి ప్రెషర్. హైదరాబాద్ సముద్ర మట్టం కంటే 500 మీటర్లకి పైగా ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ 95 దగ్గర వస్తుంది, కాకినాడలో 100 దాటుతుంది. తర్వాత ఖాళీ రోడ్డు మీద, పక్క సీట్లో ఒకరు ఫోన్ పట్టుకుని రికార్డ్ చేస్తుండగా, సెకండ్ గేర్‌లో ఫుల్ యాక్సిలరేటర్ ఇచ్చి 5500 ఆర్‌పీఎం దాకా వెళ్ళండి. డ్రైవ్ చేసేవాళ్ళు స్క్రీన్ చూడొద్దు. ఆ నంబర్ ఒక్కో కిలోపాస్కల్ లెక్కనే మారుతుంది, కాబట్టి మూడుసార్లు చేయండి.

రిపేర్ తర్వాత కంపెనీ డబ్బా తిరిగి పెట్టించి నాన్న కారులో నేను చేసినప్పుడు, ఇగ్నిషన్ ఆన్‌లో 95, ఫుల్ యాక్సిలరేటర్‌లో 90. తేడా 5. అంటే దారిలో ఉన్న మొత్తం అడ్డు అయిదు శాతం పైచిలుకు. తర్వాత ఫిల్టర్ తీసి చూస్తే మట్టితో గోధుమ రంగులో ఉంది. 350 రూపాయల కొత్త పేపర్ ఫిల్టర్ వేశాను. మళ్ళీ టెస్ట్ చేస్తే 92. తేడా 3 కి తగ్గింది.

ఆ మిగిలిన 3 లో ఫిల్టర్ ఉంది, పైపు ఉంది, థ్రాటిల్ బాడీ ఉంది. ప్రపంచంలో ఎంత గొప్ప ఇన్‌టేక్ పెట్టినా ఆ మూడు మొత్తం పోదు. సగం పోయినా లాభం ఒకటిన్నర శాతం. 80 హార్స్‌పవర్‌కి ఒకటి పైన. పది ఎక్కడి నుంచి వస్తుంది?

ఇంకో నంబర్ కూడా చూడండి, ఇన్‌టేక్ ఎయిర్ టెంపరేచర్. బయటి వేడి కంటే ఇది ఎంత ఎక్కువ ఉందో సిగ్నల్ దగ్గర ఒకసారి, హైవే మీద ఒకసారి నోట్ చేసుకోండి. కొన్ని కార్లలో ఈ సెన్సర్ మ్యానిఫోల్డ్‌లోనే ఉంటుంది, అక్కడ కొంచెం ఎక్కువే చూపిస్తుంది. కాబట్టి నంబర్ ఎంతుందని కాదు, మార్చక ముందు, మార్చాక తేడా ఎంతని చూడాలి.

దుమ్ము సంగతి

ఫిల్టర్ అసలు పని పవర్ పెంచడం కాదు, దుమ్ము ఆపడం. మన రోడ్ల దుమ్ములో సన్నటి ఇసుక ఉంటుంది, అది లోపలికి పోతే పిస్టన్ రింగులు, సిలిండర్ గోడలు అరిగిపోతాయి. తర్వాత ఇంజిన్ ఆయిల్ తాగడం మొదలుపెడుతుంది.

ఎయిర్ ఫిల్టర్లని పరీక్షించడానికి ఐఎస్ఓ 5011 అనే స్టాండర్డ్ ఉంది. కొనేముందు ఆ నంబర్ అడగండి. ఒక ఉదాహరణ. ఒక ఫిల్టర్ 99.5 శాతం దుమ్ము ఆపుతుంది, ఇంకోటి 98.5 శాతం. "ఒక్క శాతమే కదా" అనిపిస్తుంది. కానీ లోపలికి వెళ్ళేది చూడండి, అక్కడ 0.5, ఇక్కడ 1.5. మూడు రెట్లు దుమ్ము!

కాటన్ ఫిల్టర్ కడిగాక ఆయిల్ పూయాలి. తక్కువైతే దుమ్ము ఆగదు. ఎక్కువైతే, మాఫ్ సెన్సర్ ఉన్న కార్లలో ఆ ఆయిల్ వెళ్ళి సెన్సర్ వైరు మీద పడే ప్రమాదం ఉంది. అప్పుడు గాలి రీడింగ్ తప్పు వస్తుంది. ఇంకోటి, మాఫ్ సెన్సర్ బిగించే పైపు లావు మారినా రీడింగ్ మారిపోతుంది. కాబట్టి ఆ కార్లకి మీ మోడల్ కోసమే చేసిన కిట్ తప్ప లోకల్ పైపు పెట్టొద్దు.

టర్బో కారైతే?

టర్బో కార్లలో కథ కొంచెం వేరు. టర్బో ముందు అడ్డు తగ్గితే దాని పని తేలికవుతుంది. కానీ ఎంత బూస్ట్ ఇవ్వాలో ఈసీయూ నిర్ణయిస్తుంది. మీరు దారి వెడల్పు చేసినా అది అదే టార్గెట్ దగ్గర ఆపేస్తుంది. అందుకే స్టాక్ ట్యూన్ మీద లాభం తక్కువ, "వూష్" అనే సౌండ్ మాత్రం బాగా వినిపిస్తుంది. ఈసీయూ రీమ్యాప్ చేయించి బూస్ట్ పెంచిన వాళ్ళకే పెద్ద ఇన్‌టేక్ నిజంగా అవసరం పడుతుంది.

వారంటీలో ఉన్న కారైతే, ఇంజిన్ సమస్య వచ్చినప్పుడు ఈ మార్పు చూపించి క్లెయిమ్ ఆపే అవకాశం ఉంది. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 వాహనంలో చేసే మార్పుల గురించే. కంపెనీ ఒరిజినల్ స్పెసిఫికేషన్‌కి విరుద్ధంగా వాహనం మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అందుకే పాత డబ్బా మాత్రం పారేయకండి.

మరి ఏది ఎంచుకోవాలి?

సిటీలో రోజూ ఆఫీసుకి తిరిగే టర్బో లేని కారా? కొత్త పేపర్ ఫిల్టర్ వేసి టైముకి మార్చండి. దుమ్ము రోడ్లయితే కంపెనీ చెప్పిన కిలోమీటర్ల కంటే ముందే మార్చండి.

కొంచెం సౌండ్, కొంచెం సరదా కావాలా? డ్రాప్ ఇన్ ఫిల్టర్. కడగడానికి ఓపిక ఉంటేనే.

సౌండే కావాలా? షార్ట్ ర్యామ్ పెట్టుకోండి, తప్పులేదు. కానీ సౌండ్ కోసం కొంటున్నానని ఒప్పుకుని కొనండి. హీట్ షీల్డ్ తప్పకుండా పెట్టించండి.

రీమ్యాప్ చేసిన టర్బో కారా? క్లోజ్డ్ బాక్స్ వైపు వెళ్ళండి.

బంపర్‌లో ఫిల్టర్ ఉండే కోల్డ్ ఎయిర్ ఇన్‌టేక్ మాత్రం, వానాకాలంలో కూడా నడిపే కారుకి నేను చెప్పను. ట్రాక్ మీద నడిపే కారైతే అది వేరే విషయం.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. వాడు డాంగిల్ కొని టెస్ట్ చేసి స్క్రీన్‌షాట్ పంపాడు, కాకినాడలో 101, ఫుల్ యాక్సిలరేటర్‌లో 98. "అన్నయ్యా, మిగిలింది మూడే" అన్నాడు. కిట్ మానేశాడు. అరిగిపోయిన ముందు టైర్లు రెండూ మార్పించి, పాలసీ రెన్యువల్‌లో ఇంజిన్ ప్రొటెక్షన్ పెట్టించుకున్నాడు. "సౌండ్ మాత్రం మిస్ అవుతున్నా" అని ఒక ఏడుపు ఎమోజీ పెట్టాడు. అర్థం చేసుకోగలను, ఆ సౌండ్ నాకూ ఇష్టమే.

మీ కారులో టెస్ట్ చేసి రెండు నంబర్లు, ఊరు పేరు, కారు మోడల్ కామెంట్‌లో పెట్టండి. అందరివీ కలిపి ఒక షీట్ చేసి తర్వాతి ఎపిసోడ్‌లో చూపిస్తాను. అప్పటిదాకా ఫిల్టర్ ఒకసారి తీసి చూడండి, ఐదు నిమిషాల పని. ఉంటాను ఫ్రెండ్స్, జాగ్రత్తగా నడపండి.